రెండు గీతలు, ఒక ఖాళీ

మధురానగర్‌లో మా వీధి చివరి జిరాక్స్ షాపు దగ్గర పొద్దున తొమ్మిదయ్యేసరికి హాస్టళ్ల కుర్రాళ్లు గుమిగూడతారు. అందరి చేతుల్లోనూ రెజ్యూమెలే. ఆమధ్య ఒకబ్బాయి తను పంపబోయే ఈమెయిల్‌ను ప్రింటు తీయించుకుని, అడుగున తన పేరు మీద వేలు పెట్టి షాపతన్ని అడిగాడు: “అన్నా, పేరు పైన ఈ రెండు గీతలు నేను పెట్టలేదు. అవే వచ్చినయ్. తీసెయ్యాల్నా?” షాపతనికి తెలియదు. పక్కనే ఉన్న నేను ఆగలేక “ఉంచెయ్ నాన్నా, అవి ఊరికే వచ్చినవి కావు” అన్నాను. అతను నావైపు ఓసారి చూసి, సరే అంకుల్ అని వెళ్లిపోయాడు.

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. ఆ గీతలు దాదాపు నలభై ఏళ్ల నాటివి. కాగితం మీద కనిపించేవి రెండు గీతలే గానీ వాటి వెనక ఒక ఖాళీ కూడా ఉంది. పనంతా ఆ ఖాళీదే. నేను చూసిన చిన్న పనితనాల్లో అంత శ్రద్ధగా చేసినది, అంత సులువుగా చెడిపోయేది మరొకటి లేదు.

ఉత్తరం రాసే అలవాటు ఉన్నవాళ్లకు “ఇట్లు” అన్న మాట తెలుసు. కుశల ప్రశ్నలు, విషయం, మనవి అన్నీ అయ్యాక కుడివైపు అడుగున “ఇట్లు” అని రాసి, దాని కింద చేవ్రాలు చేస్తాం. ప్రామిసరీ నోటు రాసే దస్తావేజు లేఖరి కూడా ఆ మాటను వదలడు. చదివేవాడికి అది హద్దురాయి. దాని పైనున్నదంతా విషయం, కిందున్నది మనిషి. రెండూ కలిసిపోతే ఉత్తరం ఎక్కడ అయిపోయిందో తెలియదు.

ఇంకా వెనక్కి వెళితే మన కావ్యాల్లో ఆశ్వాసాంత గద్యం ఉంది. పోతన భాగవతంలో స్కంధం ముగిసే చోట పరమేశ్వరుడి దయ, తండ్రి కేసన పేరు, తనకు పాండిత్యం సహజంగా అబ్బిందన్న సంగతి, తన పేరు, గ్రంథం పేరు, ఇది ఎన్నో స్కంధమన్న లెక్క వరసగా వస్తాయి. మళ్లీ స్కంధం ముగిస్తే మళ్లీ అదే వరస, దాదాపు అవే మాటలు, అంకె ఒక్కటే మారుతుంది. తానంతట తాను పడే సంతకానికి ఇంతకంటే పాత తెలుగు ఉదాహరణ వెతకక్కర్లేదు. అది అలంకారానికి పెట్టింది కాదు. భాగవతంలో అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. ఆ స్కంధాల చివరి గద్యాలు వాళ్ల పేర్లే చెబుతాయి కనుక ఎవరి పని ఎంతవరకో ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మనకు తెలుస్తోంది. ఆ గద్యం వచ్చే ముందు కవి చదివేవాణ్ని సిద్ధం చేస్తాడు కూడా. నడక మారుతుంది, మాలిని లాంటి వృత్తం ఒకటి పడుతుంది, ఆ వెంటనే గద్యం. చెవి పెట్టి వినేవాడికి కథ ఆగిందని తెలిసిపోతుంది. త్యాగరాజు ముద్ర వేరే రకం. అది చివరి చరణంలో కలిసిపోయి ఉంటుంది, దాన్ని విడదీస్తే పాటే చెడుతుంది. నేను చెప్పబోయేది విడదీయడానికి వీలుగా చేసిన సంతకం గురించి, కాబట్టి పోతన దారిది.

ఇక ఆ గీతల కథ. 1979లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఒక ఆలోచన చేశారు. యూనిక్స్ కంప్యూటర్లు ఫోను తీగల మీద ఒకదానికొకటి కబురు పెట్టుకుంటే, ఒకచోట రాసింది అన్నిచోట్లా చదవొచ్చని. 1980కల్లా అది యూజ్‌నెట్ అయింది. అందులో విషయానికొక చర్చా బృందం. రాసిన ప్రతి పోస్టూ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేతులు మారుతూ ప్రయాణించేది. ఇంతమంది చేతులు మారే కాగితం మీద రాసినవాడెవరో, అతనికి జవాబు ఏ చిరునామాకు పంపాలో చివరన ఉండాలి కదా. ప్రతిసారీ టైపు చేయడం విసుగు. అందుకని ఆ నాలుగు ముక్కలూ ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే, పోస్టు పంపే ప్రోగ్రామే దాన్ని తెచ్చి అడుగున అతికించేది. ఆ ఫైలు పేరు డాట్ సిగ్నేచర్. ముందు చుక్క, తర్వాత సిగ్నేచర్ అన్న మాట, అంతే.

అతికించడం సులువు. ఎక్కడ అతికించామో చెప్పడం ఎలా? ఇక్కడే హస్తకౌశలం మొదలైంది. సంతకానికి ముందు ఒక వరస ఒంటరిగా ఉంటుంది. అందులో రెండు హైఫన్లు, వాటి తర్వాత ఒక స్పేస్, ఇంకేమీ ఉండదు. దీన్ని అమీర్‌పేటలో మాకు యూనిక్స్ నేర్పినాయన “డ్యాష్ డ్యాష్ స్పేస్” అని ఒక్క గుక్కలో చెప్పేవారు.

ఆ స్పేస్ ఎందుకు? రెండు గీతలు మాత్రమే ఉన్న వరస మామూలు రాతలో కూడా రావొచ్చు. ఎవరో ఒక పేరాకీ ఇంకో పేరాకీ మధ్య విరామంగా గీస్తారు, ఒక పట్టికకు అడుగున గీస్తారు. కానీ గీతల తర్వాత పనిగట్టుకుని ఒక స్పేస్ కొట్టి, అప్పుడు ఎంటర్ నొక్కేవాళ్లు ఎవరుంటారు? మనిషి పొరపాటున చేయనిది, యంత్రం మాత్రమే గుర్తుపెట్టుకుని చేయగలిగేది ఒకటి కావాలి. అది కంటికి అడ్డం రాకూడదు, చోటు తినకూడదు, ఏ కీబోర్డు మీదైనా ఉండాలి. ఒక్క ఖాళీ ఆ షరతులన్నీ తీర్చింది. చదివే ప్రోగ్రాము ఆ వరస చూడగానే కింద ఉన్నది సంతకమని తెలుసుకుంటుంది. కావాలంటే దాన్ని మసక రంగులో చూపిస్తుంది, జవాబు రాసేటప్పుడు దాన్ని వదిలేసి అసలు మాటలనే ఎత్తి చూపుతుంది. చర్చ పది జవాబుల దాకా సాగినా పాత సంతకాలు పేరుకుపోవు.

టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెన్రీ స్పెన్సర్ 1994లో యూజ్‌నెట్ పోస్టులు ఎలా ఉండాలో చెబుతూ ఒక పత్రం రాశాడు. అప్పటికి అమల్లో ఉన్న ప్రమాణం, ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే ఆర్ఎఫ్‌సీ పత్రాల వరసలో, 1987 నాటి ఆర్ఎఫ్‌సీ 1036 కాబట్టి, ఈ పత్రాన్ని అందరూ ‘1036 కొడుకు’ అని పిలిచేవారు. దానికి ఆర్ఎఫ్‌సీ 1849గా నంబరు పడింది 2010లో. అందులో సంతకం గురించి రాసిన చోటు నేను చాలాసార్లు చదివాను. వరస చివరి ఖాళీ దారిలో చెరిగిపోకుండా ఉండటం మీద ఇదంతా ఆధారపడిందని, అంత మంచి ఎంపిక కాదని ఒప్పుకుంటాడు. అయినా ఇంతగా పాతుకుపోయాక మార్చలేమంటాడు. తను నిలబెడుతున్న పనిలోని లోపాన్ని అదే పేజీలో రాసి పెట్టే నిజాయితీ ఇంజినీర్లలో అరుదు. ఆ తర్వాత కొలత చెబుతాడు. వరసకు 75 అక్షరాల చొప్పున నాలుగు వరసలంటే 300 అక్షరాలు, పేరుకీ చిరునామాకీ అది ధారాళంగా సరిపోతుందని.

నాలుగు వరసల నియమం అప్పటికే వాడుకలో ఉంది. వరసకు 80 అక్షరాల దాకా ఒప్పుకునేవారు, దాన్ని మెక్వారీ పరిమితి అనేవారు. 1995 అక్టోబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1855, అంటే నెట్ మర్యాదల పత్రం, అదే నాలుగు వరసలు చెబుతూ కారణం కూడా ఇస్తుంది. చాలామంది నిమిషానికి ఇంతని డబ్బు కట్టి చదువుతున్నారని. ఎస్టీడీ బూతులో ఎర్రంకెలు మారుతుంటే మాట తుంచుకుని మాట్లాడిన తరానికి ఈ కారణం విడమరిచి చెప్పనక్కర్లేదు. మన శతకాల్లోనూ ఈ పొదుపు ఉంది. సుమతీ శతకం మకుటం ఒక్క మాట. వేమన పద్యంలో మకుటం మొత్తం ఒక పాదం తీసుకుంటుంది. రెండూ నిలిచాయి, ఎందుకంటే రెండూ తమ చోటు దాటలేదు.

ఇక మరమ్మతు సంగతి. ఇంత చిన్న ఏర్పాటు ఎన్ని రకాలుగా చెడిపోతుందో, చెడినప్పుడు దాన్ని ఎలా పట్టుకుంటారో చూస్తే దీన్ని అల్లినవాళ్ల మీదా, బాగుచేసినవాళ్ల మీదా గౌరవం పెరుగుతుంది.

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు సంతకం అసలు పడటం లేదని. మొదట చూసేది పేరు. ముందు చుక్క మరిచిపోయినా, ఫైలు హోమ్ డైరెక్టరీలో కాక ఇంకోచోట ఉన్నా ప్రోగ్రాముకి అది లేనట్టే లెక్క. చుక్కతో మొదలయ్యే ఫైళ్లను యూనిక్స్ మామూలు జాబితాలో చూపించదు కూడా, కాబట్టి ఉందో లేదో కొత్తవాడికి తెలిసేది కాదు. పేరు సరిగ్గా ఉన్నా పడకపోతే అప్పుడు పర్మిషన్లు. నాకు బాగా నచ్చిన చిక్కు ఇదే. ఫైలు నాది, నేను తెరిస్తే తెరుచుకుంటుంది, ఇంకెందుకు పడదు? చాలా చోట్ల పోస్టును బయటికి పంపే ఐన్యూస్ అనే ప్రోగ్రాము నా పేరు మీద నడిచేది కాదు, ‘న్యూస్’ అనే వేరే వాడుకరి పేరు మీద నడిచేది. నా ఇంటి తాళం నా దగ్గరే ఉంటే వాడు లోపలికి ఎలా వస్తాడు? ఫైలును అందరూ చదివేలా సీహెచ్ మాడ్ 644 కొట్టాలి. అది చాలదు, హోమ్ డైరెక్టరీ గుమ్మం కూడా వాడు దాటగలగాలి. పెట్టె తీసి ఉంచి వీధి తలుపు వేసేస్తే ఏం లాభం? ఈ రెండో సంగతి తట్టక రోజులు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

అదీ సరిగ్గా ఉంటే ఇక వరసలు లెక్కపెట్టాలి. నాలుగు దాటిన సంతకాన్ని కొన్ని ఐన్యూస్‌లు అతికించేవే కావు. అయిదో వరస ఖాళీ వరసైనా లెక్కే. ఫైలు చివర పొరపాటున ఒక ఎంటర్ ఎక్కువ పడితే సంతకం మొత్తం మాయం.

దీనికి ఎదురు జబ్బు సంతకం రెండుసార్లు పడటం. చదివే ప్రోగ్రాము ఒకసారి అతికిస్తుంది, పంపే ఐన్యూస్ తన వంతుగా మళ్లీ అతికిస్తుంది. ఇద్దరూ తమ పని తాము చేశారు, తప్పు ఎవరిదీ కాదు. పెళ్లింట్లో ఉప్పు ఇద్దరు వేసినట్టు. ఇద్దరిలో ఒకరిని ఆపడమే మందు.

కొందరు ప్రతి పోస్టుకీ ఒక కొత్త సూక్తి రావాలని కోరుకున్నారు. దానికి వాళ్లు చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. డాట్ సిగ్నేచర్ స్థానంలో మామూలు ఫైలు కాకుండా ఒక నేమ్డ్ పైపు పెట్టేవారు. పైపుకి అవతలి కొసన ఒక చిన్న ప్రోగ్రాము కాచుకుని ఉంటుంది. ఎవరైనా ఇవతల చదవబోతే అప్పటికప్పుడు ఒక సూక్తి తీసి పోస్తుంది. పోస్టు పంపే ప్రోగ్రాముకి అది ఫైలులాగే కనిపిస్తుంది, తేడా తెలియదు. కానీ అవతలి ప్రోగ్రాము ఏ కారణం చేతనైనా ఆగిపోతే, ఇవతల చదివేవాడు నీళ్లు రాని కుళాయి కింద బిందె పెట్టినట్టు అలాగే నిలబడిపోతాడు. తెర మీద ఏ తప్పూ కనిపించదు, పోస్టు కదలదు. వరసలు లెక్కపెట్టడానికి ఒకసారి, అతికించడానికి ఇంకోసారి చదివే ప్రోగ్రామైతే మరో చిక్కు. లెక్కపెట్టింది ఒక సూక్తిని, అతికించింది ఇంకోదాన్ని.

అన్నిటికన్నా సూక్ష్మమైన జబ్బు ఖాళీ పోవడం. సంతకం పడుతుంది, రెండు గీతలూ పడతాయి, చూడటానికి అంతా సక్రమంగా ఉంటుంది. కానీ అవతలివాళ్ల ప్రోగ్రాము దాన్ని సంతకంగా గుర్తించదు, జవాబుల్లో అది మోసుకుంటూ పోతుంది. వరస చివరి ఖాళీలను శుభ్రం చేసే ఎడిటర్లు ఉంటాయి, అవి మంచి చేస్తున్నామనుకుని దీన్నీ తుడిచేస్తాయి. డాస్‌లో రాసిన ఫైలును యూనిక్స్‌కి మార్చకుండా తెస్తే ప్రతి వరస చివరా కంట్రోల్-ఎమ్ అనే అదనపు గుర్తు అంటుకుని వస్తుంది. అప్పుడు ఖాళీ ఉన్నా దాని వెనక ఇంకొకటి నిలబడింది కాబట్టి గుర్తు చెల్లదు. ఈమెయిళ్లకు మైమ్ అనే పద్ధతి వచ్చాక ఇంకో రూపం. వరస చివరి ఖాళీ దారిలో పోకుండా కాపాడటానికి దాన్ని =20 అని మారుస్తారు. అర్థం చేసుకునే ప్రోగ్రాము దాన్ని తిరిగి ఖాళీ చేస్తుంది, పాత ప్రోగ్రాము మాత్రం గీతల పక్కన =20 అని అలాగే చూపిస్తుంది. కాపాడిన చెయ్యే దాన్ని బయటపెట్టింది.

2004 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3676లో ఈ ఖాళీకి దక్కిన మర్యాద చూడండి. పొడవాటి పేరాలను తెర వెడల్పును బట్టి పేర్చుకునే పద్ధతి అది. అందులో వరస చివర ఖాళీ ఉంటే ‘ఇది తర్వాతి వరసతో కలుస్తుంది’ అని అర్థం. మరి గీతల వరస చివరా ఖాళీయే ఉంది, అది సంతకంతో కలిసిపోవాలా? కలవకూడదు. ఈ ఒక్క వరసను నియమం నుంచి తప్పించాలని ఆ పత్రం ప్రత్యేకంగా రాసింది. కొత్తగా కట్టే రోడ్డు పాత గుడి దగ్గరికి వచ్చి ఒంపు తిరిగినట్టు.

ఇందులో తెలుగువాళ్ల సొంత చిక్కులు వేరే ఉన్నాయి. 1990ల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉన్న తెలుగువాళ్లు యూజ్‌నెట్‌లో కలుసుకున్న చోటు సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు. వాడుకలో స్కిట్. తెలుగు అక్షరాలు తెర మీద లేని కాలం. పద్యమైనా కథైనా ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయాలి. అందుకు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని తెలుగులోకి తిప్పే ప్రోగ్రాము పేరు రిట్, ఆ రాత పద్ధతి ఆర్టీఎస్. చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. చిన్న ఎన్ అంటే న, పెద్దది ణ. పెద్ద ఎమ్ అంటే సున్న. రిట్ ఆ రాతను అచ్చుకి పేర్చే ప్రోగ్రామైన టెక్‌కి అందిస్తే అచ్చు తెలుగు కాగితం మీదికి వచ్చేది.

ఇప్పుడు ఆ పోస్టు అడుగున ఇంగ్లిషు సంతకం ఉందనుకోండి. హద్దు తెలియకుండా మొత్తాన్నీ తెలుగులోకి తిప్పితే సంతకం కూడా తిరుగుతుంది. అమీర్‌పేట అన్న ఇంగ్లిషు స్పెల్లింగు ‘ఆమీర్పెత్’ అయి కూర్చుంటుంది. మధురానగర్‌కి ఇంకా కష్టం, పేరు పెద్ద ఎమ్‌తో మొదలవుతుంది కాబట్టి తొలి అక్షరమే సున్న. సున్నతో మొదలయ్యే మాట తెలుగులో ఉంటుందా? సంతకంలోని ఇతర గుర్తులు టెక్‌కి పడవు. శాతం గుర్తు కనబడితే టెక్ ఆ వరసలో మిగిలినదంతా వదిలేస్తుంది. చిరునామాలోని టిల్డె గుర్తు దానికి విడదీయరాని ఖాళీ. అడుగు గీత కనబడితే లెక్కల సూత్రం అనుకుని ఆగిపోతుంది. వరసలు విడిగా ఉంచదు, నాలుగూ కలిపి ఒక పేరా చేస్తుంది. అన్నిటికీ మించి, వరస చివరి ఖాళీలను టెక్ చదివేటప్పుడే పారేస్తుంది. అంటే ఆ గుర్తు టెక్ దాకా వెళితే ఇక దొరకదు, అంతకు ముందే పట్టుకోవాలి. తెలుగులోకి తిప్పకముందే డ్యాష్ డ్యాష్ స్పేస్ వెతికి అక్కడ కత్తిరిస్తే, పైనున్నది తెలుగు అవుతుంది, కిందున్నది ఇంగ్లిషుగానే మిగులుతుంది. “ఇట్లు” చేసే పనే ఇది. తెలుగు రాత బతకాలంటే సంతకం హద్దు శుభ్రంగా ఉండాల్సి వచ్చిన కాలం అది. ఆ ఆర్టీఎస్ 2006లో వచ్చిన తెలుగు టైపింగ్ సాధనం లేఖినితో మళ్లీ వేల చేతుల్లోకి వెళ్లింది.

హైదరాబాదుకి ఇది ఆలస్యంగా చేరింది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది ముంబై, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో. మన ఊరి వంతు తర్వాత వచ్చింది. చవకగా దొరికిన షెల్ ఖాతాల్లో బొమ్మలుండవు, నల్ల తెర మీద అక్షరాలే. మెయిలుకి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల పైన్ అనే ప్రోగ్రాము. పైన్ కూడా డాట్ సిగ్నేచర్‌నే చదివేది, కానీ గీతలు తనంతట తాను పెట్టేది కాదు. సెటప్‌లోకి వెళ్లి సిగ్‌డ్యాషెస్ అన్న చోట గుర్తు పెట్టాలి. జవాబు రాసేటప్పుడు సంతకాన్ని ఎత్తి చూపిన మాటలకు పైన ఉంచేది, అడుగుకు దించాలంటే దానికి ఇంకో గుర్తు.

అప్పట్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల యూనిక్స్ నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ని. ఒక రోజు నా సంతకంలో గీతలు కనబడుతున్నా అవతలి మిత్రుడి దగ్గర అది విడిపోవడం లేదు. ఫైలు పదిసార్లు తెరిచి చూశాను, ఏ తేడా లేదు. నేర్పే ఆయన నా వెనక నిలబడి, వీఐ ఎడిటర్‌లో కోలన్ కొట్టి సెట్ లిస్ట్ అని టైపు చేయమన్నారు. ప్రతి వరసా ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఒక డాలరు గుర్తు పొడుచుకొచ్చింది. గీతల వరసలో డాలరు రెండో గీతను ఆనుకుని ఉంది. “చోటేది బాబూ?” అన్నారాయన. ఇన్‌సర్ట్‌లోకి వెళ్లి ఒక్క స్పేస్ కొట్టాను. డాలరు ఒక గడి పక్కకి జరిగింది. కనబడనిదాన్ని కనబడేలా చేయడానికి ఎవరో ఎప్పుడో ఆ ఎడిటర్‌లో ఈ ఏర్పాటు పెట్టారని ఆ క్షణంలో తెలిసింది. నాకు యూనిక్స్ మీద ప్రేమ పుట్టింది అక్కడే.

ఆ కుర్రాడి ఈమెయిల్ జీమెయిల్‌ది. సంతకం పెట్టుకుంటే జీమెయిల్ మామూలుగా దాని పైన ఆ గీతలు చేరుస్తుంది, వద్దనుకుంటే తీసేసే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంది. వారం తర్వాత అదే షాపు దగ్గర మళ్లీ కనిపించి, ఆ గీతల సంగతేంటి అంకుల్ అని తనే అడిగాడు. ఫోనులో ఆ మెయిల్ తెరిపించి, గీతల చివర వేలితో నొక్కి పట్టమన్నాను. ఎంపిక చేసినప్పుడు వచ్చే నీలం పట్టీ రెండో గీత దగ్గర ఆగలేదు, ఇంకో అక్షరమంత మేర అవతలికి సాగి నిలిచింది. అతను ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, “ఇక్కడ ఏదో ఉంది” అన్నాడు.